నన్ను మించినవాడు, నాకు మించిన పని

(తెలుగు ఉపాధ్యాయుల సమావేశంలో ‘మించు’ అనే క్రియ గురించి చేసిన ప్రసంగానికి అక్షరరూపం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం.)

సభకు నమస్కారం. ఈ పూట నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క క్రియ గురించి. ‘మించు’. రెండక్షరాల మాట. అయిదో తరగతి పిల్లవాడిని అడిగినా దీనికి అర్థం చెబుతాడు. నిఘంటువు తెరిస్తే అతిశయించు, అతిక్రమించు, దాటు అని కనిపిస్తుంది. అర్థం తెలిసిపోయింది కదా, ఇక గంటసేపు చెప్పడానికి ఏముంది అని మీలో కొందరికి అనిపించవచ్చు. అర్థం తెలియడం వేరు, ఆ మాటను ఎవరు ఎవరితో ఎప్పుడు అంటారో తెలియడం వేరు. ఈ రెండో సంగతి నిఘంటువులో దొరకదు, మన నోళ్లలో దొరుకుతుంది. కాబట్టి ఈ పూట నిఘంటువు కంటే మీ నోళ్లకే ఎక్కువ పని పెడతాను.

మొదట ఒక పని చేయండి. ‘నేను మా గురువుగారిని మించాను’ అన్న వాక్యాన్ని ఒకసారి పైకి అనండి. ఫరవాలేదు, మెల్లగానే అనండి. ఎలా ఉంది? వ్యాకరణంలో దోషం ఏమీ లేదు. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ కర్తకు తగినట్టే ఉంది. అయినా నోరు తిరగడం లేదు. ఇప్పుడు దీన్నే తిప్పి, ‘మా శిష్యుడు నన్ను మించిపోయాడు’ అనండి. ఎంత హాయిగా ఉందో చూశారా? పదాలు అవే, సంబంధం అదే, మారింది మాట్లాడే మనిషి ఒక్కడే. మించినవాడు చెబితే ఎబ్బెట్టుగా ఉన్న వాక్యం, మించబడినవాడు చెబితే దీవెనలా వినిపిస్తోంది.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. ‘మించు’ అనేది ఎదుటివాడు చెప్పవలసిన క్రియ. ‘గెలిచాను’ అని నేను చెప్పుకోవచ్చు. ‘ఓడించాను’ అని చెప్పుకోవచ్చు. ‘దాటేశాను’ అని తొడ కొట్టి మరీ చెప్పుకోవచ్చు. ‘మించాను’ అని మాత్రం నాకు నేను చెప్పుకోలేను. ‘మించాలి’ అని కోరుకోవచ్చు, ‘మించగలను’ అని పంతం పట్టవచ్చు. జరిగిపోయాక ఆ సంగతి ప్రకటించే హక్కు నాది కాదు. అది మా గురువుది, మా నాన్నది, లేదా మా ఇద్దరినీ చూసిన ఊరిది.

మరి గొప్పలు చెప్పుకునేవాళ్ల సంగతేమిటి అంటారా? వాళ్లూ ఈ క్రియను వాడతారు, విరివిగానే వాడతారు. ఎలా వాడతారో గమనించండి. ‘నన్ను మించిన మొనగాడు ఎవడు?’ అంటారు. ‘నన్ను మించినవాడు పుట్టలేదు’ అంటారు. మన పౌరాణిక నాటకాల్లో దుర్యోధనుడి నుంచి హిరణ్యకశిపుడి దాకా అందరూ ఇలాగే గర్జించారు. అంత అహంకారి కూడా ‘నేను అందరినీ మించాను’ అనలేదు. తనను కర్మస్థానంలోనే ఉంచుకుని, కర్తస్థానం ఖాళీగా ఉందని చాటుకున్నాడు. రావణాసురుడి వంటివాడిని కూడా వినయంగా ద్వితీయా విభక్తిలో కూర్చోబెట్టగలిగిన క్రియ ఇది!

ఇలా ఎందుకు జరుగుతుంది? నాకు తోచిన కారణం చెబుతాను. గెలుపుకు పోటీ కావాలి, పోటీ ఉంటే ఓడినవాడు ఉండాలి. మించడానికి పోటీ అక్కర్లేదు. తండ్రిని మించిన కొడుకు అంటే తండ్రిని ఓడించిన కొడుకు కాదు కదా. తండ్రి ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉన్నాడు, ఆయన ఎత్తు ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. ఆ ఎత్తును ఆధారంగా చేసుకునే కొడుకు ఎత్తు తెలిసింది. కొడుకు చేతిలోనూ శిష్యుడి చేతిలోనూ ఓటమిని కోరుకోవాలని మన పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. ఓటమి అని వాళ్లు పేరు పెట్టారు కానీ, తెలుగులో దానికి సరైన పేరు ‘మించడం’ అని నా అభిప్రాయం.

దీనికి క్రికెట్టు నుంచి ఒక ఉదాహరణ చెబుతాను, పిల్లలు వెంటనే పట్టుకుంటారు. 2023 నవంబరు 15న ముంబయి వాంఖడే మైదానంలో ప్రపంచకప్ సెమీఫైనల్ జరిగింది. న్యూజిలాండ్ మీద ఆడుతూ విరాట్ కోహ్లీ వన్డేల్లో తన 50వ శతకం పూర్తిచేశాడు. అప్పటిదాకా సచిన్ తెందూల్కర్ పేరిట 49 శతకాల రికార్డు ఉండేది. సచిన్ ఆ రోజు మైదానంలోనే ఉన్నాడు. కోహ్లీ ఆయన వైపు తిరిగి, రెండు చేతులూ చాచి వంగి నమస్కరించాడు. ఈ వార్తకు శీర్షిక పెట్టమంటే మీరేమని పెడతారు? ‘సచిన్ రికార్డును బద్దలు కొట్టిన కోహ్లీ’ అనవచ్చు. ‘సచిన్‌ను దాటిన కోహ్లీ’ అనవచ్చు. ‘సచిన్‌ను అధిగమించిన కోహ్లీ’ అన్నా ఎవరూ తప్పుపట్టరు. ‘సచిన్‌ను మించిన కోహ్లీ’ అని పెట్టి చూడండి, సాయంత్రానికి టీ బడ్డీల దగ్గర కొట్లాటలు మొదలవుతాయి. ఎందుకంటే ‘దాటాడు’ అనేది లెక్క, 49 తరువాత 50 వస్తుంది, అందులో వాదించడానికి ఏమీ లేదు. ‘మించాడు’ అనేది తీర్పు. అది శతకాల సంఖ్య గురించి కాక మొత్తం మనిషి గురించి మాట్లాడుతుంది. ఆ తీర్పు చెప్పడానికి కోహ్లీకి అర్హత లేదు, విలేకరికీ లేదు. చెబితే సచిన్ చెప్పాలి. ఈ క్రియ మర్యాద అంతా ఆ నమస్కారంలో ఉందని నాకనిపిస్తుంది.

ఆ గొడవ రాకూడదంటే ఏం చేయాలి? ఏ విషయంలో మించాడో చెప్పి హద్దు గీయాలి. ‘శతకాల సంఖ్యలో సచిన్‌ను మించాడు’ అంటే వాదన చల్లారుతుంది. ‘పాటలో తల్లిని మించింది’, ‘పట్టుదలలో అన్నను మించాడు’. ఈ ‘లో’ అన్న చిన్న ప్రత్యయం ఆ తీర్పును ఒక్క గదికి పరిమితం చేస్తుంది. పిల్లల చేత వాక్యాలు రాయించేటప్పుడు ‘దేనిలో?’ అని అడగడం మరచిపోకండి.

ఇప్పుడు విభక్తుల దగ్గరకు వద్దాం. ఈ ప్రసంగానికి నేను పెట్టిన పేరు గుర్తుందా? ‘నన్ను మించినవాడు, నాకు మించిన పని’. ‘నన్ను’ అన్నప్పుడు ఒక అర్థం, ‘నాకు’ అన్నప్పుడు మరో అర్థం. ‘నన్ను మించినవాడు’ అంటే నాకంటే గొప్పవాడు. ‘నాకు మించిన పని’ అంటే నా వల్ల కాని పని. పెళ్లి సంబంధాల విషయంలో పెద్దవాళ్లు ఎలా మాట్లాడతారో గుర్తు చేసుకోండి. ‘మంచి సంబంధమే కానీ, మాకు మించిన సంబంధం బాబూ’ అంటారు. ‘మమ్మల్ని మించిన సంబంధం’ అని ఎవరూ అనరు. అంటే అర్థమే ఉండదు. ఎందుకు ఉండదు? ‘మమ్మల్ని’ అంటే మేము మనుషులుగా ఎదురు నిలబడినట్టు. ‘మాకు’ అంటే మా తాహతు, మా చేతిలో ఉన్న డబ్బు, మేము ఇవ్వగలిగిన కట్నం, ఇవన్నీ కలిపిన ఒక కొలత. మనిషిని కొలతగా మార్చగానే ద్వితీయ పోయి ‘కు’ వచ్చింది.

అందుకే కొలతలన్నీ ‘కు’తోనే వస్తాయి. శక్తికి మించిన పని, తలకు మించిన భారం, స్థోమతకు మించిన ఖర్చు, వయసుకు మించిన మాటలు. ఈ వరుస పైకి చదివితే మరొకటి కూడా తెలుస్తుంది. వీటిలో మెచ్చుకోలు లేదు. మనిషిని మించితే మెచ్చుకుంటాం, కొలతకు మించితే నొచ్చుకుంటాం. ‘ఊహకు మించి’, ‘ఆశించినదానికి మించి’ అన్నచోట మాత్రం సంతోషం వినిపిస్తుంది. ఊహ, ఆశ అన్నవి మన మీద ఎవరూ పెట్టిన హద్దులు కావు, మనమే తక్కువగా వేసుకున్న లెక్కలు. ఇక్కడ ‘అంచనాలను మించి’ అన్నవారూ ఉన్నారు, ‘అంచనాలకు మించి’ అన్నవారూ ఉన్నారు. రెండూ చెల్లుతాయి. నేనైతే రెండోదే రాస్తాను.

కొలతల గురించి మాట్లాడుతున్నాం కనుక, ఉద్యోగ ప్రకటనల భాషను ఒకసారి దగ్గరగా చూడండి. ‘అభ్యర్థికి 18 ఏళ్లు నిండి ఉండాలి, 34 ఏళ్లకు మించరాదు.’ కింది హద్దుకు ‘నిండు’, పై హద్దుకు ‘మించు’. ఎవరు నేర్పారు ఈ పంపకాన్ని? ఎవరూ నేర్పలేదు, భాషే పంచుకుంది. కుండ నిండాలి, పొంగిపోకూడదు, అంతే. ఓటు హక్కుకు కూడా 18 ఏళ్లు నిండాలి అంటాం తప్ప మించాలి అనం. అలాగే ప్రశ్నపత్రంలో ‘200 పదాలకు మించకుండా’ అని ఉంటే సరిగ్గా 200 పదాలు రాసిన పిల్లవాడికి మార్కు తగ్గించకూడదు. మించకుండా అంటే ఆ అంకె లోపలే ఉంటుంది. రిజర్వేషన్ల మీద సుప్రీంకోర్టు 1992లో ఇంద్రా సహానీ కేసులో ఇచ్చిన తీర్పును మన పత్రికలు ఇప్పటికీ ‘50 శాతానికి మించరాదు’ అన్న మాటతోనే గుర్తు చేస్తాయి. ఆ మాట ప్రకారం 50 చెల్లుతుంది, ఆపైది చెల్లదు. ఒక్క క్రియలో ఎంత వ్యవహారం ఇమిడి ఉందో చూడండి.

విభక్తే లేకుండా వచ్చే ప్రయోగాలు ఇంకొక రకం. అల్లరి మితి మించింది. మందు మోతాదు మించింది. ఎగతాళి శ్రుతి మించింది. ఇక్కడ మితి, మోతాదు, శ్రుతి కర్మలే, ప్రత్యయం లేకుండా వచ్చాయి. జడానికి, అంటే ప్రాణం లేనిదానికి, ద్వితీయ స్థానంలో ప్రథమ రావడం మీకు కొత్త కాదు, ‘పుస్తకం చదివాడు’ అన్నట్టే. ఈ శ్రుతి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ‘శ్రుతి మించి రాగాన పడింది’ అన్నది మన భాషలో మంచి పలుకుబడి. శ్రుతి అంటే పాటకు పునాది స్వరం. దాన్ని విడిచి పైకి పోతే పాట చెడుతుంది. మరి ‘రాగాన పడటం’ చెడ్డ ఎందుకయింది? రాగం మంచిదే కదా? పల్లెల్లో ‘రాగాలు తీసింది’ అంటే ఏడుపు లంకించుకుంది అని. సరదాగా మొదలైన మాటలు గొంతులు పెరిగి, చివరికి ఏడుపుల్లో తేలాయని నేను దీన్ని అన్వయించుకుంటాను. సంగీతజ్ఞులు ఇంకోలా అన్వయించవచ్చు, వారితో నాకు పేచీ లేదు.

కాలంతో ఈ క్రియ కలిసినప్పుడు మళ్లీ వేరే రంగు. పెళ్లిపందిరిలో పురోహితుడు ‘ముహూర్తం మించిపోతోంది, అమ్మాయిని తీసుకురండి’ అని కేక వేస్తాడు. అక్కడ ముహూర్తం కర్మ కాదు, కర్త. అది దేన్ని మించుతోంది? దేన్నీ కాదు. తనంతట తాను జారిపోతోంది. వేళ మించింది, గడువు మించింది, అదను మించింది అన్నప్పుడు ఈ క్రియకు కర్మ అక్కర్లేదు. ఇందులోంచే మన భాషలో అతి చల్లని ఓదార్పు ఒకటి పుట్టింది. ‘ఇప్పుడు మించిపోయిందేమీ లేదు’. పరీక్ష తప్పిన పిల్లవాడితో అంటాం, అలిగి పుట్టింటికి వెళ్లిన అమ్మాయి అత్తమామలతో అంటాం, దరఖాస్తు ఆలస్యమైన రైతుతో అంటాం. కాలం ఇంకా మన చేతిలోనే ఉంది, దిద్దుకోవచ్చు అని. ఈ వాక్యం వ్యతిరేకార్థంలోనే ఎక్కువగా బతుకుతుంది. ‘ఇప్పుడు మించిపోయిందేముంది?’ అని ప్రశ్నగా వేసినా అదే ఓదార్పు.

ఈ మాటకు చుట్టాలెవరో కూడా చూద్దాం. మిగులు, మిక్కిలి, మిక్కుటం ఇవన్నీ ఒకే ఇంటివి. కొలత దాటి ఉన్నదే మిగులు. తమిళంలోనూ మిగు, మించు వంటి రూపాలు ఇదే అర్థంలో ఉన్నాయి. అయితే కావ్యాలు చదివినవారు ఇక్కడ ఒక అనుమానం అడుగుతారు: మించు అంటే మెరుపు కదా, మించుబోడి అంటే మెరుపుతీగ వంటి మేను గల స్త్రీ కదా, ఆ మించూ ఈ మించూ ఒకటేనా? కావు. తమిళంలో మెరుపుకు మిన్, మించడానికి వేరే ధాతువు, రెండూ విడివిడిగా ఉన్నాయి. తెలుగులోనూ కన్నడంలోనూ రెండూ ధ్వనిలో కలిసిపోయాయి. అందరినీ మించినవాడు మెరుస్తాడు కనుక రెండూ ఒకటే అని చెప్పే ఉపన్యాసాలు నేను విన్నాను. వినడానికి బాగుంటుంది, నిజం మాత్రం కాదు. అలాగే శ్రమించు, క్షమించు, విరమించు, అధిగమించు అన్నవాటి చివర వినబడే ‘మించు’ కూడా మన మించు కాదు. అవి శ్రమ, క్షమ, విరమ, అధిగమ అన్న సంస్కృత రూపాలకు ‘ఇంచు’ చేరినవి. తరగతిలో పిల్లలు తప్పకుండా అడుగుతారు, సిద్ధంగా ఉండండి.

అధిగమించు గురించి ఒక మాట. సంస్కృతంలో అధిగమం అంటే పొందడం, తెలుసుకోవడం. తెలుగులో మాత్రం అది అడ్డంకిని దాటడానికీ ముందున్నవాడిని దాటడానికీ స్థిరపడింది. పత్రికల్లో ఈ మాటకు గిరాకీ ఎక్కువ, ఎందుకంటే అది తీర్పు చెప్పదు. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ల వయసులో చదరంగంలో గ్రాండ్‌మాస్టర్ అయి, అతి పిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళగా జుడిత్ పోల్గార్ రికార్డును అధిగమించింది. 2008లో చైనా అమ్మాయి హోయు యీఫాన్ హంపి రికార్డును అధిగమించింది. ఈ రెండు వాక్యాల్లోనూ ఎవరికీ చిన్నతనం లేదు. అదే హంపి తండ్రి అశోక్‌గారి సంగతి తీసుకోండి. ఆయనే ఆమెకు ఆట నేర్పిన గురువు. అక్కడ ‘తండ్రిని అధిగమించిన కూతురు’ అంటే తండ్రి అడ్డంగా నిలబడ్డట్టు వినిపిస్తుంది. ‘తండ్రిని మించిన కూతురు’ అనే అనాలి.

మించుకు దగ్గరి బంధువు ‘మీరు’ ఉంది. పాత రాతలో బండి ‘ఱ’తో మీఱు అని రాసేవారు, కాబట్టి ‘మీరందరూ’ అన్న సర్వనామంతో తికమక ఉండేది కాదు. మితి మీరడం, మితి మించడం ఒకటే. ‘తండ్రిని మించాడు’, ‘తండ్రి మాట మీరాడు’ మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు. మనిషిని మించుతాం, ఆజ్ఞను మీరుతాం. ‘మాట మించాడు’ అనం. ఇక్కడ ఉత్తమ పురుష కూడా వస్తుంది, ‘మీ మాట మీరను’ అని, అదీ వ్యతిరేకంలోనే. అయితే ఈ క్రియకు ఒకప్పుడు మంచి రోజులుండేవి. ‘వేడుక మీర’, ‘సొంపు మీర’, ‘ముదము మీర’ అని కవులు వాడినప్పుడు అందులో తప్పు లేదు, ఉప్పొంగడమే ఉంది. ఇప్పుడు ఆ వాడుక మంగళహారతుల్లో, పాత పెళ్లిపాటల్లో మిగిలింది.

ఇక ‘తలదన్నడం’. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు అన్న సామెతలోంచి దిగివచ్చిన మాట ఇది. తాడి అంటే తాటిచెట్టు. సామెత ఉద్దేశం ఎవరికీ పొగరు పనికిరాదని. మన పత్రికలు దాన్నే ప్రశంసగా మార్చేశాయి. ‘కార్పొరేట్ పాఠశాలలను తలదన్నేలా సర్కారు బడి’ అన్న వాక్యం మీరు ఎన్నిసార్లు చదివి ఉంటారు? సంస్థలకు, భవనాలకు, సినిమాలకు ఇది సరిపోతుంది. మనుషుల దగ్గరకు, అందులోనూ పెద్దవాళ్ల దగ్గరకు వచ్చేసరికి పనికిరాదు. ‘గురువును తలదన్నిన శిష్యుడు’ అని సన్మానపత్రంలో రాసి చూడండి, ఆ గురువుగారు శాలువా కప్పించుకోకుండానే లేచిపోతారు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత కూడా అంతే, పైకి మెచ్చుకోలు, లోపల చురక.

మీలో ఒకరు చీటీ పంపారు. ‘దానికంటే మించి’ అనడం తప్పా అని. ‘కంటే’లోనే పోలిక ఉంది, ‘మించి’లోనూ ఉంది, కాబట్టి పునరుక్తి అని వారి సందేహం. తర్కం ప్రకారం పునరుక్తే. అయితే ‘నాకంటే మించినవాళ్లు చాలామంది ఉన్నారు’ అని ఊళ్లో చదువురాని పెద్దమనిషి వినయంగా అన్నప్పుడు నేను దిద్దలేను, దిద్దను. ఆ ‘కంటే’ అక్కడ బరువు కోసం వచ్చింది. రాతలో మాత్రం ‘దానికి మించి’ అనో ‘దానికంటే ఎక్కువగా’ అనో రాయిస్తే చాలు.

అదే చీటీలో రెండో ప్రశ్న, ఈనాటి కుర్రవాళ్ల ‘అంతకు మించి’ గురించి. సినిమా ఎలా ఉందిరా అంటే ‘అంతకు మించి’ అంటాడు. భోజనం ఎలా ఉంది అంటే ‘అంతకు మించి’. ఎంతకు మించి? కొలత చెప్పడు. ఎదుటివాడు మనసులో ఏ కొలత పెట్టుకున్నా దానికి మించి అని. భాష చెడిపోతోందని వారి బాధ. నాకైతే ముచ్చటగానే ఉంది. విభక్తి చూడండి, ‘అంతను’ అనలేదు, ‘అంతకు’ అన్నాడు. కొలతకు ‘కు’ పెట్టాలని ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు, అయినా తప్పలేదు. క్రియను అవ్యయంలా వాడి, వాక్యం మిగతా భాగాన్ని మనకు వదిలేశాడు. ఈ ప్రయోగాన్ని తరగతిలో తప్పు అని కొట్టేయకుండా, ‘ఎంతకు మించి?’ అని అడిగి ఆ వాక్యాన్ని పూర్తి చేయించండి. ఒక్కొక్క పిల్లవాడూ ఒక్కొక్క కొలత చెబుతాడు. ఆ వాక్యాలను వచ్చే సమావేశానికి తీసుకురండి, చూద్దాం. ఇక మీ ప్రశ్నలు ఉంటే అడగండి.